బండి కీచుమంటే ముందు వినాలి, తరువాతే విప్పాలి



మొన్న ఆదివారం మీటింగులో మన వ్యాను గురించి గంటన్నర మాట్లాడుకున్నాం. అమ్మేద్దామన్నవాళ్ళు కొందరు, ఆల్టర్నేటర్ మార్చేద్దామన్నవాళ్ళు కొందరు, "డ్రైవరునే మార్చండి, అన్నీ సర్దుకుంటాయి" అన్నవాళ్ళు ఇంకొందరు. ఏదీ తేలకుండానే టీ తాగి లేచాం. ఆ తరువాతి వారంలో బండి కీచుడు ఎక్కడిదో దొరికింది, బాగూ అయింది. ఎలా దొరికిందో, దానికి ముందు మేము ఏ తప్పులు చేశామో బండి చూసుకునే మా ముగ్గురి తరఫున రాస్తున్నాం. కాస్త పొడుగే. ఓపికగా చదవండి, ఎందుకంటే ఇందులో ఖర్చయింది మన చందా డబ్బు, మాట పడింది మన మనిషి.

ఫైలిన్ తుపాను 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన సంగతి మనలో ఎవరూ మరిచిపోలేదు. ఆ రాత్రి పెద్దవాళ్ళను ఇళ్ళలోంచి కదిలించడానికి ఒక్క బండి దొరకక పడ్డ అవస్థ చూశాకే, మరుసటేడు చందాలు వేసుకుని ఈ డీజిల్ వ్యాను కొన్నాం. అప్పటినుంచి ఎం.కె.సి.జి. ఆసుపత్రికి వెళ్ళే ముసలివాళ్ళకూ, కంటి ఆపరేషనుకు విశాఖపట్నం వెళ్ళేవాళ్ళకూ, ఇచ్ఛాపురం పెళ్ళిళ్ళకూ, శ్మశానానికి వెళ్ళే బంధువులకూ ఇదే బండి. బరంపురంలో మన ఇళ్ళల్లో ఈ వ్యాను ఎక్కని కుటుంబం లేదనే చెప్పాలి.

ఈ ఏడు ఆషాఢంలో మొదలైంది. పొద్దున్నే మొదటిసారి స్టార్టు చేయగానే బానెట్ లోపలినుంచి కీచుమని అరుపు, అర నిమిషం ఉండి పోయేది. మన డ్రైవరు బాబు ఆ వారమే మా దగ్గరకొచ్చి చెప్పాడు. "పదేళ్ళు దాటిన బండి, ఆ మాత్రం అరవదా" అని మేమే నవ్వి పంపించేశాం. ఇది మా మొదటి తప్పు.

శ్రావణం వచ్చేసరికి అరుపు పెరిగింది. ఒక గ్యారేజీకి తీసుకువెళ్ళి "సౌండు వస్తోంది, చూడండి" అన్నాం. బెల్టు పాతదైందని కొత్తది వేశారు. నాలుగు రోజులు హాయిగా ఉంది, అయిదో రోజున మళ్ళీ కీచు. రెండో చోటికి వెళ్ళి అదే మాట చెప్పాం, "సౌండు వస్తోంది". బెల్టు మీద ఏదో స్ప్రే కొట్టారు. రెండు రోజులు ఊరుకుని, మూడో రోజు అంతకుముందు కన్నా గట్టిగా అరిచింది. మూడో చోట బానెట్ ఎత్తి, చెవి పెట్టి, ఆల్టర్నేటర్ పోయిందని, 11,000 రూపాయలవుతుందని చీటీ రాసిచ్చారు. ఆ చీటీ మీదే మొన్నటి గొడవంతా జరిగింది.

ఆ గ్యారేజీలవాళ్ళను మేమేమీ అనడం లేదు. అరుపు అటువైపునుంచే వినబడుతుంది మరి. ఇంజన్ చుట్టూ ఉన్నదంతా ఇనుమూ అల్యూమినియమూ కాబట్టి ఒక చోట పుట్టిన శబ్దం బ్రాకెట్ల వెంట పాకి ఇంకో చోట పలుకుతుంది. బండి అక్కడికి చేరేసరికి ఇంజన్ వేడెక్కి అరుపు సగం తగ్గిపోతుంది. పైగా మేము చెప్పిందేమిటి? "సౌండు." ఆ ఒక్క మాటతో ఎవరు మాత్రం ఏం కనిపెడతారు?

ఇక అసలు సంగతికి వద్దాం. మన సంఘంలో ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. మీటింగులో ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు. మర్నాడు మాకు ఫోన్ చేసి, "ఆ బండిని రాత్రంతా కదపకుండా ఉంచండి, పొద్దున్న నేను వచ్చేదాకా ఎవరూ స్టార్టు చెయ్యొద్దు. డ్రైవరు బాబుని కూడా ఉండమనండి" అన్నారు. మనకు తెలిసిన ఒడియా మేస్త్రిని కూడా వెంటబెట్టుకొచ్చారు. ఆ మేస్త్రి రాగానే ఒకాయన పానా అందించబోతే వద్దని చెయ్యి ఊపి, "ఆగొ శుణొ, తాపరే ఖోలొ" అన్నాడు. ముందు విను, తరువాత విప్పు అని. మేము రెండు నెలలపాటు దీన్ని తిరగేసి చేశాం.

పెద్దాయన బానెట్ ఎత్తకముందే డ్రైవరు వైపు తిరిగి అడిగారు. "ఏమని అరుస్తోంది బాబూ?"

"పొద్దున్న కీచుమంటదండి. ఎండెక్కి, ఇంజన్ కాగినాక కీచు పోయి లోపల గరగరమంటదండి. అది సన్నగా ఉంటది, బయటోళ్ళకి వినబడదు."

మేము ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. రెండు శబ్దాలు ఉన్నాయని మాకు అప్పటిదాకా తెలియదు. అతను చెప్పలేదా అంటే, మేము అడగలేదు. మూడు గ్యారేజీలకూ మేమే వెళ్ళి, మేమే మాట్లాడి, అతన్ని బయట నిలబెట్టాం.

మన భాషలో శబ్దాలకు ఎన్ని మాటలున్నాయో ఆలోచించండి. కీచు, కిచకిచ, కిర్రు, గరగర, టకటక, బుస్సు, హోరు. మన అమ్మమ్మలు తలుపు కిర్రుమంటే బందుకు నూనె వేసేవారు, తిరగలి గరగరమంటే రాయి చూసేవారు. ఏ శబ్దానికి ఎక్కడ చెయ్యి పెట్టాలో ఆ మాటలోనే ఉండేది. బండిలోనూ అంతే. బెల్టు పుల్లీ మీద జారితే సాగదీసినట్టు కీచుమంటుంది. పుల్లీలు ఒకే వరసలో లేకపోతే పిచ్చుకల్లా కిచకిచ, ఇంజన్ వేగం పెరిగితే ఆ కిచకిచ కూడా దగ్గర దగ్గరగా వస్తుంది. బేరింగు పోతే గరగర. వాల్వుల దగ్గర సందు ఎక్కువైతే టకటక. గొట్టం ఎక్కడైనా పగిలి గాలి పోతుంటే బుస్సు. రబ్బరు బుష్షులు ఎండిపోతే గుంటల్లో కిర్రు. వీటన్నిటినీ మూటగట్టి "సౌండు" అనేస్తే ఎదుటివాడికి మిగిలేది ఊహే.

మన పిల్లలు ఒడియాలో చెప్పినా ఇంగ్లీషులో చెప్పినా ఫరవాలేదు. కానీ ఏ భాషలోనైనా సరే, వేరు శబ్దాన్ని వేరు మాటతో చెప్పడం రావాలి. ఇది భాషాభిమానం కోసం చెబుతున్నది కాదు, డబ్బు మిగులుతుందని చెబుతున్నాం.

ఆ పొద్దున్న వాళ్ళిద్దరూ చేసిన పరీక్షలు మీ సొంత బండికి కూడా పనికొస్తాయి కాబట్టి వరసగా రాస్తున్నాం. ముందే ఒక జాగ్రత్త. ఇంజన్ తిరుగుతుండగా బానెట్ కింద చేతులు పెట్టకండి. కండువా, చీర కొంగు, చేతి గొలుసు, మెడలో వేలాడే తాడు ఏవీ దగ్గరకు రాకూడదు. చాలా బళ్ళలో రేడియేటర్ ఫ్యాను కరెంటుతో తిరుగుతుంది, ఇంజన్ ఆపాక కూడా హఠాత్తుగా తిరగవచ్చు. వేడిగా ఉన్న రేడియేటర్ మూత ఎట్టి పరిస్థితిలోనూ తియ్యకూడదు.

మొదటి ప్రశ్న, శబ్దం ఇంజన్‌తో వస్తోందా, రోడ్డుతో వస్తోందా? బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో ఉంచి కాస్త యాక్సిలరేటర్ తొక్కాలి. శబ్దం దానితోపాటు పెరిగితే ఇంజన్‌ది. గుంటలో పడినప్పుడే వస్తే అది సస్పెన్షన్‌దో, బానెట్ కింద రబ్బరు ముక్కలదో, వదులైన మడ్డు కవరుదో. క్లచ్ తొక్కినప్పుడే మొదలైతే క్లచ్ బేరింగును అనుమానించాలి. ఈ ఒక్క ప్రశ్నతోనే అనుమానితుల్లో సగంమంది ఇంటికి పోతారు. మన బండిది ఇంజన్‌తో పెరిగింది.

రెండోది, బరువు పెట్టి చూడటం. బండి స్టార్టయ్యేటప్పుడు బ్యాటరీ ఖర్చవుతుంది, స్టార్టయిన వెంటనే ఆల్టర్నేటర్ దాన్ని నింపడానికి కష్టపడుతుంది. అందుకే బెల్టు జారే బండి పొద్దున్నే, అందులోనూ వానాకాలం చెమ్మలో ఎక్కువ అరుస్తుంది. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి చూడండి. అరుపు పెరిగితే ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టు జారుతున్నట్టు. ఏసీ వేస్తే పెరిగితే కంప్రెసర్ వైపు, స్టీరింగ్ ఒక చివరిదాకా తిప్పినప్పుడు అరిస్తే పవర్ స్టీరింగ్ పంపు వైపు చూడాలి. మన బండి లైట్లు వెయ్యగానే గట్టిగా అరిచింది.

మూడోది నీళ్ళ పరీక్ష. ఇస్త్రీకి వాడే స్ప్రే సీసాతో, దూరంగా నిలబడి, తిరుగుతున్న బెల్టు లోపలివైపు కొంచెం నీళ్ళు చిలకరించాలి. ఆల్టర్నేటర్ మీద పడకూడదు. అరుపు ఆగి కొంతసేపటికి మళ్ళీ వస్తే పుల్లీలు వరసలో లేవని గుర్తు. నీళ్ళు పడగానే అరుపు ఇంకా పెరిగితే బెల్టు జారుతోందని గుర్తు. ఏ మార్పూ లేకపోతే అది బెల్టుది కాకపోవచ్చు, బేరింగులు చూడాలి. మన బండిలో నీళ్ళు పడగానే అరుపు రెట్టింపైంది.

అంటే బెల్టు జారుతోంది. ఇక్కడే మేము "అయితే బెల్టు బిగిస్తే సరి" అన్నాం. పెద్దాయన ఇంజన్ ఆపించి, బెల్టును బొటనవేలితో నొక్కి చూసి తల అడ్డంగా ఊపారు. బిగువు సరిగ్గానే ఉంది. బెల్టు నెల కిందటిది. కొత్త బెల్టు, సరైన బిగువు, అయినా జారుతోందంటే రెండే కారణాలు. బెల్టు మీద ఏదైనా తడో జిడ్డో పడుతూ ఉండాలి, లేకపోతే ఏదో ఒక పుల్లీ సులువుగా తిరగక దాన్ని పట్టి ఆపుతూ ఉండాలి. మన బండిలో రెండూ ఉన్నాయని తరువాత తేలింది.

ఆయన బెల్టు లోపలి గాళ్ళ మీద వేలు రాసి మాకు చూపించారు. జిగటగా, సన్నటి తీపి వాసన. కూలెంట్ వాసన అలాగే ఉంటుంది. వాసన తియ్యగా ఉన్నా అది విషం, పిల్లలకూ కుక్కలకూ అందకుండా చూడాలి.

నాలుగోది, బెల్టు తీసేసి చూడటం. మేస్త్రి బెల్టు విప్పి, ఇంజన్‌ను పది సెకన్లు మాత్రం నడిపించాడు. బెల్టు లేకపోతే మన బండిలో నీళ్ళ పంపు తిరగదు కాబట్టి ఎక్కువసేపు నడపకూడదు. కీచు లేదు, గరగర కూడా లేదు. అంటే ఇంజన్ లోపల ఏ జబ్బూ లేదు, తప్పంతా బెల్టు తిప్పే సరుకులోనే ఉంది. అమ్మేద్దామన్నవాళ్ళకు జవాబు ఈ పది సెకన్లలో దొరికింది.

అయిదోది, ఇంజన్ ఆపి ఒక్కొక్క పుల్లీని చేత్తో తిప్పడం. ఆల్టర్నేటర్ పుల్లీ నున్నగా తిరిగింది. 11,000 రూపాయల చీటీ అక్కడితో చిరిగిపోయింది. బెల్టు బిగువు పట్టే పుల్లీ కూడా బాగానే ఉంది. నీళ్ళ పంపు పుల్లీ దగ్గరకు వచ్చేసరికి మేస్త్రి ఆగిపోయాడు. డ్రైవరు బాబు చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టి తిప్పించాడు. వేళ్ళకు ఇసుక తగిలినట్టు గరగర. అటూ ఇటూ ఊపితే కొంచెం ఊగింది కూడా.

"ఇదేనండి, ఇదే గరగర" అన్నాడు బాబు.

టార్చి వేసి కింద చూశాం. నీళ్ళ పంపు ఒంటికి ఒక చిన్న బెజ్జం ఉంటుంది. లోపలి సీలు పోతే కూలెంట్ బేరింగులోకి పోకుండా అందులోంచి బయటికి కారిపోవడానికి ఆ బెజ్జం పెడతారు. దాని కింద ఆకుపచ్చ చార ఎండిపోయి అంటుకుని ఉంది. సీలు పోయి కూలెంట్ చుక్క చుక్కగా కారి, ఆ చుక్కలే బెల్టు మీద చిమ్మి, బెల్టు జారి కీచుమంది. బేరింగు అరగడం మొదలై గరగరమంది. మేము కొత్త బెల్టు వేసినప్పుడు అది నాలుగు రోజులు పొడిగా ఉంది, అయిదో రోజుకు తడిసింది. స్ప్రే కొట్టినప్పుడు రెండు రోజులు నోరు మూసుకుంది, తరువాత ఆ జిగటకు దుమ్ము కూడా పట్టింది. రోగం పంపుకుంటే మందు బెల్టుకు రాశాం.

కొత్త పంపు, గాస్కెట్, కూలెంట్, తడిసిపోయిన బెల్టు బదులు ఇంకో బెల్టు, కూలీ అన్నీ కలిపి 4,200 రూపాయలయ్యాయి. ముందు రెండు చోట్లా వృథా చేసినది 1,500. రసీదులు కార్యదర్శి దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు.

ఇప్పుడు మీరు అడగవచ్చు, పోనీ, చిన్న అరుపే కదా, ఇంత రాద్ధాంతం ఎందుకని. మేమూ ఆషాఢంలో అలాగే అన్నాం. అందుకే ఈ సంగతి వినండి. ఆ పంపు బేరింగు పట్టేసి బెల్టు తెగిందనుకోండి. నీళ్ళు తిరగవు, నిమిషాల్లో ఇంజన్ కాగిపోతుంది. బ్యాటరీ నిండదు. స్టీరింగ్ బరువెక్కుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది, చాలా డీజిల్ బళ్ళలో లాగే మన బండిలోనూ బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనకే బిగించి ఉంది. బెల్టు తెగితే అదీ ఆగుతుంది. ఒకటి రెండు సార్లు నొక్కేదాకా నిలవ ఉన్న బలం సరిపోతుంది, ఆ తరువాత బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడుతుంది. రెండు కాళ్ళతో తొక్కినంత పని.

కార్తీకంలో మనం వనభోజనాలకు తప్తపాణి వెళ్ళాలనుకున్నాం కదా. పదిమంది పెద్దవాళ్ళ పేర్లు ఇప్పటికే రాసుకున్నాం. ఆ ఘాటు దిగుతుండగా బెల్టు తెగి ఉంటే ఏమయ్యేదో మేము రాయము. మీరే ఊహించుకోండి. ఆషాఢంలో డ్రైవరు బాబు వచ్చి చెప్పింది ఈ సంగతే, కాకపోతే కీచు అన్న ఒక్క మాటలో చెప్పాడు.

ఇక అతని విషయం. డీజిల్ పుస్తకం మా దగ్గరే ఉంటుంది, నెలనెలా లెక్క మేమే చూస్తాం. మొన్న పంపు బాగయ్యాక ఎందుకో ఆ పుస్తకం మళ్ళీ తిరగేశాం. వెనక పేజీల్లో ఒడియా అక్షరాల్లో అతను రాసిపెట్టుకున్నవి ఉన్నాయి. ఏ రోజు కూలెంట్ ఎంత పోశాడో, ఏ రోజు ఎంతసేపు అరిచిందో, వాన పడిందో లేదో. ఆషాఢంనుంచి వరసగా ఉన్నాయి. కూలెంట్ మూడుసార్లు పోశాడు. ఏదీ కారకుండా కూలెంట్ ఎందుకు తగ్గుతుంది? ఆ పేజీ చదివి ఉంటే పంపు సంగతి శ్రావణంలోనే తెలిసేది.

అతను ఇంట్లో తెలుగే మాట్లాడతాడు, చదివింది ఒడియా మీడియం కాబట్టి రాయడం ఒడియాలోనే వచ్చు. మన ఇళ్ళల్లో చాలామంది పిల్లల సంగతీ ఇదే. మాకు ఒడియా చదవడం రాదా? వచ్చు. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళం. కానీ మేము డబ్బుల గడి ఒక్కటే చూశాం, మిగతా పేజీ తిప్పలేదు. పైగా శ్రావణంలో మొదటి గ్యారేజీ ఖర్చులో 500 రూపాయలు "బండి సరిగ్గా చూసుకోలేదు" అని అతని జీతంలో కోశాం. మొన్న మీటింగులో అతన్ని మార్చాలన్న మాట వచ్చినప్పుడు మేము ముగ్గురమూ ఊరుకున్నాం. అతను గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు. విన్నాడు.

ఆ 500 తిరిగి ఇచ్చేశాం, మా ముగ్గురి జేబులోంచే ఇచ్చాం. క్షమించమని కూడా అడిగాం. "పోనివ్వండి బాబుగారూ, బండి బాగయింది కదా" అన్నాడు. కానీ మాట మీటింగులో పడింది కాబట్టి, మీటింగులోనే తీసెయ్యాలన్నది మా అభిప్రాయం.

రెండు అభ్యంతరాలు మాకు తెలుసు. మొదటిది, "ఇవన్నీ మెకానిక్ పనులు, మనకెందుకు?" విప్పడం, బిగించడం మెకానిక్ పనే, కాదనం. కానీ డాక్టరు దగ్గరకు వెళ్ళి "ఒంట్లో బాగా లేదు" అని ఊరుకుంటామా? ఎక్కడ నొప్పి, ఎప్పుడు వస్తుంది, తిన్నాకా తినకముందా అన్నీ చెబుతాం. చెప్పడం రోగి పని, చూడటం వైద్యుడి పని. బండి తనంతట తాను చెప్పుకోలేదు కాబట్టి దాని పక్కన కూర్చునేవాడు చెప్పాలి. మంచి మేస్త్రి అలా చెప్పేవాడినే ఇష్టపడతాడు.

రెండోది, "ఎలాగూ పాత బండి, అమ్మెయ్యక తప్పదు." తప్పదేమో. గోపాల్‌పూర్ ఉప్పు గాలి తగిలే ఊళ్ళో ఇనుముకు ఆయుష్షు తక్కువే, బండి అడుగున తుప్పు మేమూ చూశాం. ఏదో ఒక రోజు దీన్ని పంపించాల్సిందే. కానీ అమ్మే నిర్ణయం ఇంజన్ చూసి, ఛాసీ చూసి, లెక్క చూసి తీసుకోవాలి. ఎక్కడిదో తెలియని ఒక అరుపుకు చికాకు పడి అమ్మితే, మంచి ఇంజన్‌ను పాడైన పంపు ధరకు ఇచ్చినట్టవుతుంది. కొత్త బండి కొన్నా మన పద్ధతి ఇదే అయితే అది కూడా మూడేళ్ళకు పాతదవుతుంది.

అందుకని వచ్చే మీటింగులో ఈ అయిదూ తీర్మానం చెయ్యాలని కోరుతున్నాం.

ఒకటి. బండి గ్యారేజీకి వెళితే మాట్లాడేది డ్రైవరు. కమిటీవాళ్ళు పక్కన ఉండవచ్చు, ముందు అతని మాట అయ్యాకే నోరు విప్పాలి.

రెండు. బండిలో శబ్దాల పుస్తకం ఒకటి ఉంచాలి. తేదీ, చల్లగా ఉన్నప్పుడా కాగినాకా, వానా ఎండా, లైట్లూ ఏసీ వేస్తే మారిందా, ఎలాంటి శబ్దం. ఒడియాలో రాసినా తెలుగులో రాసినా సరే. కమిటీవాళ్ళు నెలకొకసారి ఆ పుస్తకం మొత్తం చదివి సంతకం పెట్టాలి.

మూడు. పొద్దున్న అరిచేది మధ్యాహ్నం గ్యారేజీలో అరవదు. కాబట్టి స్టార్టు చేసేటప్పుడే ఫోన్‌లో రికార్డు చేసి ఉంచాలి, లేకపోతే బండిని ముందురోజు రాత్రే అక్కడ వదిలి పొద్దున్న వాళ్ళచేతే స్టార్టు చేయించాలి.

నాలుగు. ఏ సామాను మార్చాలన్నా, దానిదే తప్పని చేత్తో తిప్పో, కళ్ళకు చూపించో చెప్పాలి. పాత సామాను మనకు తిరిగి ఇవ్వాలి. శబ్దం నొక్కేసే స్ప్రేలకు సంఘం డబ్బు ఇవ్వకూడదు.

అయిదు. నెలకొకసారి చల్లటి ఇంజన్ మీద బెల్టు, కూలెంట్ మట్టం, పంపు కింద చారలు చూడాలి. ఈ కాలపు బెల్టులు పాతవాటిలా పగుళ్ళు చూపించకుండానే అరిగిపోతాయి, పైకి బాగుందని వదలకూడదు. కూలెంట్ తగ్గితే పోసి ఊరుకోవడం కాదు, ఎక్కడికి పోయిందో అడగాలి.

ఆ పాత పంపును గుడ్డలో చుట్టి సంఘం ఆఫీసులో బల్ల మీద ఉంచాం. వచ్చినవాళ్ళు ఒక్కసారి చేత్తో తిప్పి చూడండి. ఆ గరగర వేళ్ళకు తెలుస్తుంది.

తప్తపాణి ప్రయాణం ఖాయం. బండి ఇప్పుడు పొద్దున్న చప్పుడు లేకుండా స్టార్టవుతోంది. నడిపేది మన డ్రైవరు బాబే. వనభోజనాలకు ఇంకా రెండు సీట్లు ఖాళీ ఉన్నాయి, పేర్లు ఇవ్వాల్సినవాళ్ళు ఆదివారంలోగా ఇవ్వండి. మీటింగుకు మాత్రం అందరూ రండి. అతన్ని ఆ రోజు లోపలికి పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆ మాట వెనక్కి తీసుకోవాలి.